ఢిల్లీలో జెండాల వీధులు

ఢిల్లీకి వచ్చిన తెలుగువాడు మొదటి రెండు రోజులలోనే ఒక పూట అశోకా రోడ్డు ఒకటో నంబరుకు చేరుకుంటాడు. ఆంధ్ర భవన్‌లో పప్పు, పచ్చడి, పొడి, నెయ్యి, వేడి అన్నం దొరుకుతాయి. వారం రోజులుగా రొట్టెలతో విసిగిన నాలుకకు అంతకు మించిన రాజభోగం లేదు. భోజనం ముగించి చేయి కడుక్కుని బయటకు వచ్చిన తరువాత, పొరుగున గోపురం తలెత్తి చూస్తున్న మేడ ఎవరిదని అడిగేవారు తక్కువ. ఆ మేడ పేరు హైదరాబాద్ హౌస్. దాని కథ తెలిసి చూస్తే, భోజనం చేసి వచ్చిన స్థలం కూడా ఆ కథలో భాగమేనని అర్థమవుతుంది. ఆ ఆవరణ అంతా ఒకప్పుడు నిజాం ప్రభువు ఆస్తి.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన ఢిల్లీ విడిది కోసం 1920లలో ఈ మేడను కట్టించాడు. వాస్తుశిల్పి లుటియన్స్. వైస్రాయి భవనానికి రూపమిచ్చిన చేయి అదే. రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో, నడుమ గోపురంతో, ఇండియా గేటు వైపు చూస్తూ నిలిచిన ఆ కట్టడంలో నిజాం ఎన్నడూ స్థిరంగా కాపురం ఉన్నది లేదు. అయితే 1947 ఆగస్టు 15 తరువాత ఆయన కోరుకున్నది ఢిల్లీలో విడిది ఒక్కటే కాదు. ఇండియాలోనూ పాకిస్తాన్‌లోనూ చేరకుండా తన సంస్థానాన్ని సర్వస్వతంత్ర రాజ్యంగా నిలుపుకోవాలని ఆశించాడు. ఆ సంవత్సరం నవంబరు 29న ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం కుదిరింది. గడువు తీరకముందే, 1948 ఆగస్టులో, నిజాం ప్రభుత్వం తన ఫిర్యాదును ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి పంపింది. సెప్టెంబరు 13న భారత సైన్యం సరిహద్దులు దాటింది. 16న పారిస్‌లో మండలి విషయాన్ని చర్చకు తీసుకున్నది. 17న హైదరాబాద్ లొంగిపోయింది.

ఆ సంస్థానానికి సొంత నాణెం, సొంత రైలు, సొంత తపాలా బిళ్ళ, సొంత సైన్యం ఉండేవి. విస్తీర్ణంలో, జనసంఖ్యలో అది యూరపులోని అనేక దేశాలకు తీసిపోదు. లేనివి రెండే. ఒకటి, ఆ స్వాతంత్ర్యం కావాలన్న ప్రజ. రజాకార్ల దౌర్జన్యాలను, దొరల గడీలను ఏకకాలంలో ఎదిరిస్తున్న తెలంగాణ పల్లెలకు నిజాం సార్వభౌమత్వంతో పని లేకపోయింది. రెండవది, దానిని గుర్తించగల పెద్ద రాజ్యం. బ్రిటన్ ముఖం చాటేసింది. అమెరికా మౌనం దాల్చింది. అలా గుర్తింపు దొరకని రాజ్యపు ఢిల్లీ మేడ చివరకు భారత విదేశాంగ శాఖ అధీనంలోకి వచ్చింది. నేడు విదేశాల అధ్యక్షులకు, ప్రధానులకు విందులు జరిగేది అక్కడే. రెండు దేశాల జెండాలు పక్కపక్కన నిలిపి ఒడంబడికలపై సంతకాలు చేసేదీ అక్కడే. స్వతంత్ర రాజ్యం కావాలనుకుని కాలేకపోయిన వాని ఇంట్లో, అయిన రాజ్యాలకు అతిథి మర్యాదలు జరుగుతున్నవి.

ఈ కథకు ఒక తోక కూడా ఉన్నది. 1948 సెప్టెంబరులో నిజాం పేర ఉన్న 10,07,940 పౌండ్లు లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనరు ఖాతాకు మారాయి. ఆ సొమ్ము ఎవరిదన్న తగవు 71 సంవత్సరాలు సాగి 2019 అక్టోబరులో తేలింది. అప్పటికి అసలు వడ్డీలతో పెరిగి సుమారు మూడున్నర కోట్ల పౌండ్లయింది. తీర్పు నిజాం మనుమలకు, భారతదేశానికి అనుకూలంగా వచ్చింది.

ఒక రాజ్యాన్ని మరొక రాజ్యం గుర్తించడమంటే ఏమిటి? పుస్తకాలలో సమాధానం సులువుగానే ఉంటుంది. 1933లో మాంటెవీడియో నగరంలో అమెరికా ఖండపు దేశాలు కుదుర్చుకున్న ఒడంబడిక నాలుగు లక్షణాలు చెప్పింది: స్థిరమైన జనం, నిర్ణీతమైన భూభాగం, ఒక ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో వ్యవహరించగల శక్తి. ఇవి ఉంటే రాజ్యం ఉన్నట్లే. ఇతరులు గుర్తించినా మానినా దాని ఉనికికి లోటు లేదని ఆ పత్రం భావం. అయితే వ్యాకరణం ఒకటి, వాడుక ఒకటి. వాడుకలో ఐదవ లక్షణమొకటి ఉన్నది. ఏ పత్రంలోనూ రాయని ఆ లక్షణం, ఒక బలమైన మిత్రుడు ఉండటం. ఆ వాడుకను చదువుకోవడానికి ఢిల్లీ చాణక్యపురిని మించిన బడి లేదు.

నగరానికి నైరుతి దిక్కున, 1950లలో విదేశీ రాయబార కార్యాలయాల కోసం ప్రత్యేకంగా రూపొందించిన పేట అది. పేరు చాణక్యునిది, పొరుగు రాజు సహజ శత్రువు, పొరుగువానికి పొరుగు సహజ మిత్రుడు అన్న మండల సిద్ధాంతం చెప్పిన కౌటిల్యునిది. రోడ్ల పేర్లు మాత్రం శాంతిపథ్, సత్యమార్గ్, న్యాయమార్గ్, నీతిమార్గ్, పంచశీల్ మార్గ్. పేటకు ఆ పేరు పెట్టి, వీధులకు ఈ పేర్లు పెట్టినవారు తెలిసే పెట్టారో తెలియకనే పెట్టారో గాని, దౌత్యనీతి మొత్తం ఆ పేర్లలోనే ఇమిడి ఉన్నది.

శాంతిపథ్ విశాలమైన రాజవీధి. నడుమ పచ్చిక, అంచుల వెంట చెట్లు, పూలమళ్ళు. ఉదయం వేళ నడచి వెళ్ళేవానికి నీలి గోపురాల పాకిస్తాన్ హైకమిషన్, ఎత్తైన ప్రహరీ వెనుక చైనా రాయబార కార్యాలయం, బ్రిటిష్ హైకమిషన్, ఒకనాటి సోవియట్ యూనియన్‌ది, నేడు రష్యాది అయిన విశాల ప్రాంగణం కనిపిస్తాయి. ఎడ్వర్డ్ డ్యురెల్ స్టోన్ రూపకల్పన చేయగా 1959లో ప్రారంభమైన అమెరికన్ కార్యాలయం తెల్లని జాలీ గోడలతో దేవాలయ మండపంలా నిలిచి ఉంటుంది. 1971 నాటకంలోని పాత్రధారులందరూ, చిత్రంగా, ఒకే వీధివారు. ఆ నాటకం మొదటి అంకం కూడా ఆ నీలి గోపురాల కిందనే మొదలైంది.

1971 మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం తన పౌరుల మీదనే తుపాకులు ఎక్కుపెట్టింది. 26న బంగ్లాదేశ్ స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. షేక్ ముజిబుర్ రహమాన్‌ను బంధించి పశ్చిమ పాకిస్తాన్‌కు తరలించారు. ఢిల్లీలోని పాకిస్తాన్ హైకమిషన్‌లో పనిచేస్తున్న బెంగాలీ ఉద్యోగులు ఆ వార్తలను రేడియోలో విన్నారు. తమ ఊళ్ళలో ఏమి జరుగుతున్నదో అడగడానికి తంతి లేదు, టెలిఫోను లేదు. ఏ ప్రభుత్వం తమవారిని చంపుతున్నదో ఆ ప్రభుత్వపు జీతంతో, ఆ ప్రభుత్వపు జెండా కింద, ప్రతి ఉదయం బల్ల ముందు కూర్చోవాలి.

వారిలో ఇద్దరు ఆ పని చేయలేకపోయారు. ఒకరు రెండవ కార్యదర్శి కె. ఎం. షెహాబుద్దీన్. మరొకరు సహాయ పత్రికా అధికారి అమ్జాదుల్ హక్. ఏప్రిల్ 6 రాత్రి పత్రికలవారిని పిలిచి, తాము పాకిస్తాన్ కొలువు విడిచిపెట్టామని, ఇక తమ విధేయత బంగ్లాదేశ్‌కే అని ప్రకటించారు. భారత ప్రభుత్వం వారికి ఆశ్రయమిచ్చింది.

ఆ తేదీని మరొకసారి చూడాలి. ఏప్రిల్ 6 నాటికి బంగ్లాదేశ్‌కు ప్రభుత్వమే లేదు. ప్రవాస ప్రభుత్వం ఏర్పడింది ఏప్రిల్ 10న. మెహర్‌పూర్ సరిహద్దులోని మామిడి తోపులో అది ప్రమాణ స్వీకారం చేసింది 17న. కలకత్తాలోని పాకిస్తాన్ డిప్యూటీ హైకమిషనరు హుస్సేన్ అలీ తన కార్యాలయం మీద కొత్త జెండా ఎగరేసింది 18న. అంటే ఢిల్లీలో ఈ ఇద్దరు విధేయత ప్రకటించిన క్షణాన ఆ విధేయతను స్వీకరించడానికి మంత్రి లేడు, చిరునామా లేదు. షెహాబుద్దీన్‌కు భార్య, ఇద్దరు చిన్న కుమార్తెలు. మరునాటి నుండి జీతం లేదు, దౌత్య రక్షణ లేదు, పాస్‌పోర్టుకు విలువ లేదు. ఉద్యమం విఫలమైతే వారు జీవితాంతం కాందిశీకులు. పాకిస్తాన్ చేతికి చిక్కితే రాజద్రోహులు. ఒక దేశాన్ని ఏ రాజ్యమూ గుర్తించకముందు ఇద్దరు గుమాస్తా జీతగాండ్ర వంటివారు గుర్తించారు. రాజ్యాలు అందుకు ఇంకా ఎనిమిది నెలలు తీసుకున్నాయి.

మార్చి 31ననే భారత పార్లమెంటు తూర్పు బెంగాల్ ప్రజలకు సంఘీభావం తెలుపుతూ తీర్మానం చేసింది. ప్రతిపక్షాలు వెంటనే గుర్తించమన్నాయి. జయప్రకాశ్ నారాయణ్ దేశదేశాలు తిరిగి ప్రచారం చేసి, సెప్టెంబరులో ఢిల్లీలోనే బంగ్లాదేశ్ గురించి అంతర్జాతీయ సమావేశం జరిపారు. ప్రధాని శ్రీమతి ఇందిరా గాంధీ మాత్రం తొందరపడలేదు. ఆ నిగ్రహాన్ని ఆనాడు పిరికితనమన్నవారు ఉన్నారు. కాని లెక్క వేరు. గుర్తించిన మరునాడు పాకిస్తాన్‌తో యుద్ధం తప్పదు. వానాకాలంలో నదులు పొంగే బెంగాల్‌లో సైన్యం కదలదు. కొత్త ప్రభుత్వం కలకత్తా థియేటర్ రోడ్డులోని భవనం నుండి నడుస్తున్నది. దాని చేతిలో చెప్పుకోదగిన భూమి లేదు. పైగా, వేరుపడతామన్న ప్రాంతాన్ని గుర్తించడమంటే రేపు తన ఇంటిలో అదే మాట వినిపించినప్పుడు సమాధానం చెప్పుకోవాలి. ప్రపంచంలో సగం దేశాలను వెనుకకు లాగింది ఈ భయమే.

అప్పటికి ఏడాదిన్నర కిందటనే బయాఫ్రా కథ ముగిసింది. నైజీరియా నుండి 1967లో విడిపోయిన ఆ ప్రాంతాన్ని టాంజానియా, జాంబియా, గాబన్, ఐవరీ కోస్ట్ వంటి కొన్ని చిన్న దేశాలు గుర్తించాయి. పెద్ద దేశమేదీ గుర్తించలేదు. లక్షలాది మంది ఆకలితో, యుద్ధంతో మరణించారు. 1970 జనవరిలో బయాఫ్రా అన్న పేరు పటం నుండి తొలగిపోయింది. చిన్నవాళ్ళు ఎంతమంది తలూపినా పెద్దవాడు ఒక్కడు తల అడ్డంగా తిప్పితే చాలునన్న పాఠం ఢిల్లీ అధికారుల కళ్ళ ముందు తాజాగా ఉన్నది.

కనుక ఆ ఎండాకాలం, వానాకాలం పెద్దవాళ్ళను వెదుక్కోవడంలో గడిచాయి. జూలై మొదటి వారంలో అమెరికా అధ్యక్షుని సలహాదారు హెన్రీ కిసింజర్ ఢిల్లీ వచ్చారు. మర్యాదలు జరిగాయి, మాటలు జరిగాయి. ఇక్కడి నుండి పాకిస్తాన్ వెళ్ళి, కడుపునొప్పి అని చెప్పి కనుమరుగై, రహస్యంగా పెకింగ్ చేరుకున్నారు. ఆ కడుపునొప్పి సంగతి లోకానికి తెలిసిన రోజున, అమెరికా–చైనా స్నేహానికి వంతెన వేసినది పాకిస్తాన్ అని, ఆ వంతెనను అమెరికా కూల్చుకోదని ఢిల్లీకి స్పష్టమైంది. ఆగస్టు 9న సోవియట్ విదేశాంగ మంత్రి గ్రోమికో, భారత విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్ ఢిల్లీలో శాంతి, మైత్రి, సహకార ఒడంబడికపై సంతకాలు చేశారు. పన్నెండు అధికరణలు, ఇరవై ఏళ్ళ గడువు. తొమ్మిదవ అధికరణ ప్రకారం ఒకరిపై దాడి గాని దాడి బెదిరింపు గాని వస్తే ఇద్దరూ వెంటనే సంప్రదించుకోవాలి. శాంతిపథ్‌లో ఒక ఇంటి తలుపు తెరుచుకున్నది.

ఈలోగా సరిహద్దు దాటి వచ్చిన కాందిశీకుల సంఖ్య కోటికి చేరువైంది. పాకిస్తాన్ హైకమిషన్‌లోని ఉన్నతోద్యోగి హుమాయూన్ రషీద్ చౌధురీ అక్టోబరులో బయటకు వచ్చి, ఢిల్లీలో బంగ్లాదేశ్ మిషన్ బాధ్యత స్వీకరించారు. ఆ మిషన్‌కు జెండా ఉన్నది, సిబ్బంది ఉన్నారు, పత్రికా ప్రకటనలు ఉన్నాయి. దౌత్య పట్టికలో చోటు మాత్రం లేదు.

డిసెంబరు 3 సాయంకాలం పాకిస్తాన్ విమానాలు పశ్చిమ భారతంలోని విమానాశ్రయాలపై బాంబులు వేశాయి. కలకత్తాలో ఉన్న ప్రధాని ఆ రాత్రే ఢిల్లీకి తిరిగి వచ్చారు. నగరం దీపాలార్పి చీకటిలో ఉన్నది. రాష్ట్రపతి వి. వి. గిరి అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకం చేశారు. అర్ధరాత్రి దాటిన తరువాత ప్రధాని రేడియోలో జాతినుద్దేశించి మాట్లాడారు. అదే రాత్రి, తెలుగు తీరాన విశాఖపట్నం రేవు ముందర, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సముద్రగర్భంలో కలిసిపోయింది. ఢిల్లీ మాట విశాఖ అలల మీదుగా కూడా నడిచిందన్నమాట.

డిసెంబరు 6 ఉదయం, నేడు సంవిధాన్ సదన్ అని పిలుస్తున్న వృత్తాకారపు పాత పార్లమెంటు భవనంలో ప్రధాని లేచి, గణ ప్రజాతంత్ర బంగ్లాదేశ్‌ను భారతదేశం గుర్తించిందని ప్రకటించారు. సభ్యులు బల్లలు చరుస్తూ లేచి నిలబడ్డారు. జయ బంగ్లా నినాదాలు మిన్నుముట్టాయి. అదే రోజున పాకిస్తాన్ భారతదేశంతో దౌత్య సంబంధాలు తెంచుకున్నది. ఇరు దేశాల ప్రయోజనాలను చూసే బాధ్యత స్విట్జర్లాండ్ వహించింది. అంటే నీలి గోపురాల ఇంటివారి వ్యవహారాలను న్యాయమార్గ్‌లోని స్విస్‌వారు నడపవలసి వచ్చింది. ఆ సంబంధాలు 1976లో గాని పునరుద్ధరణ కాలేదు.

తొలి గుర్తింపు ఎవరిది? చాలాకాలం భారతదేశానిదే అని పుస్తకాలన్నీ రాశాయి. 2014 డిసెంబరులో, భూటాన్ ప్రధాని ఢాకా పర్యటన సందర్భంగా, బంగ్లాదేశ్ విదేశాంగ కార్యదర్శి ఆ గౌరవం భూటాన్‌కు దక్కుతుందని వివరించారు. డిసెంబరు 6ననే, భారత ప్రకటనకు కొన్ని గంటల ముందు, భూటాన్ రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్ తంతి పంపారట. ఆ భూటాన్ స్వయంగా ఐక్యరాజ్యసమితిలో చేరి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. 1949 ఒడంబడిక ప్రకారం విదేశ వ్యవహారాలలో అది భారతదేశపు సలహాతో నడుచుకోవలసిన దేశం. కనుక ఆ తంతి వెనుక ఢిల్లీ నీడ ఉన్నదా అని అడగడంలో తప్పు లేదు. కాని చిన్న దేశానికి పెద్ద పొరుగు మాట వినడం, తన మనసు మాట చెప్పడం ఒక్కొక్కసారి ఒకటే కావచ్చు. బంగ్లాదేశ్‌వారు మాత్రం ఆ తంతిని కృతజ్ఞతతోనే దాచుకున్నారు.

మిగిలిన ప్రపంచం ఎక్కడున్నది? డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో వెంటనే కాల్పులు విరమించి సైన్యాలను వెనుకకు తీసుకోవాలన్న తీర్మానానికి అనుకూలంగా 104 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా 11. భద్రతామండలిలో సోవియట్ యూనియన్ మాటిమాటికి వీటో వాడకపోతే కథ వేరుగా ఉండేది. అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను బంగాళాఖాతం వైపు పంపింది. డిసెంబరు 16న ఢాకా రేస్ కోర్స్ మైదానంలో పాకిస్తాన్ సేనలు లొంగుబాటు పత్రంపై సంతకం చేసిన సాయంకాలానికి బంగ్లాదేశ్‌ను గుర్తించిన రాజ్యాలు రెండే రెండు. అందులో రెండూ పొరుగువే.

ఆ తరువాతి అంకానికి రంగస్థలం పాలం. 1972 జనవరి 8న పాకిస్తాన్ చెరనుండి విడుదలైన ముజిబుర్ రహమాన్ లండన్ చేరుకున్నారు. బ్రిటిష్ ప్రధాని ఎడ్వర్డ్ హీత్ ఆయనను తన అధికార నివాసంలో కలుసుకుని, స్వదేశ ప్రయాణానికి రాయల్ ఎయిర్ ఫోర్స్ కామెట్ విమానాన్ని సమకూర్చారు. అప్పటికి బ్రిటన్ బంగ్లాదేశ్‌ను గుర్తించలేదు. గుర్తించని దేశపు నాయకునికి రాజ్యపు విమానం ఇవ్వడం దౌత్యంలో ఒక చమత్కారం. మాట ఇవ్వకుండానే చేయి చాపడం వంటిది.

జనవరి 10 ఉదయపు చలిలో ఆ విమానం పాలంలో దిగింది. మెట్ల దగ్గర ఆయనకు స్వాగతం చెప్పినవారిలో ప్రథముడు రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి. బరంపురంలో పుట్టిన తెలుగుబిడ్డ, ఐర్లాండులో చదువుకుంటూ అక్కడి స్వాతంత్ర్య వీరులతో పరిచయం పెంచుకున్నందుకు 1916లో ఆ దేశం విడిచి రావలసి వచ్చినవాడు. అర్ధశతాబ్దం తరువాత మరొక కొత్త దేశపు నాయకుణ్ణి భారతదేశం పేరిట ఆయనే ఆహ్వానించారు. పక్కన శ్రీమతి ఇందిరా గాంధీ. ఇరవైయొక్క తుపాకుల వందనం మ్రోగింది. రెండు జాతీయ గీతాలు వినిపించారు. రెండింటి కర్త రవీంద్రనాథ్ ఠాకూరే. రెండు దేశాల జెండాలకు ఒకే కవి గొంతు తోడు వచ్చిన ఆ ఘడియ వంటిది పాలం మళ్ళీ చూసి ఉండదు.

తరువాత కంటోన్మెంట్ మైదానంలో సభ. ముజీబ్ ఇంగ్లీషులో మొదలుపెట్టబోగా బెంగాలీలో, బెంగాలీలో అని జనం కేకలు వేశారు. ఆయన భాష మార్చారు. భాష కోసం 1952లో ఢాకాలో ప్రాణాలిచ్చినవారి దేశం అది. భాష పేరున తొలి రాష్ట్రాన్ని సాధించుకున్న తెలుగువారికి ఆ కేకల అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. కొన్ని గంటలే ఢిల్లీలో గడిపి, అదే విమానంలో ఆయన ఢాకాకు వెళ్ళిపోయారు. భారత సైన్యం ఎప్పుడు వెనుకకు వెళుతుందన్న ప్రశ్నను ఆయన దాచలేదు. మార్చి నెల మధ్యకల్లా ఆ సైన్యం వెనుదిరిగింది. పరాయి సైన్యం నిలిచి ఉండగా దేశం స్వతంత్రమైనదని నమ్మడానికి చాలా రాజధానులు సిద్ధంగా లేవు గనుక, ఆ నిష్క్రమణ కూడా గుర్తింపు కోసం చెల్లించిన వెలయే.

ఆపైన గుర్తింపులు శిబిరాల వారీగా వచ్చాయి. జనవరి 11న తూర్పు జర్మనీ. వెనువెంటనే పోలండ్, బల్గేరియా, మంగోలియా. అదే నెల చివరి వారంలో సోవియట్ యూనియన్. మాస్కో తానే ముందు నడవకుండా తన బృందంలోని చిన్నవారిని ముందుగా పంపిన తీరు గమనించదగినది. గుర్తించిన ప్రతి దేశంతోనూ తొలి రోజులలో పాకిస్తాన్ సంబంధాలు తెంచుకుంటూ వచ్చింది. అలా ఎందరితో తెంచుకోగలదు? ఫిబ్రవరి 4న బ్రిటన్, ఏప్రిల్ 4న అమెరికా గుర్తించాయి. చైనా మాత్రం 1972 ఆగస్టు 25న, భద్రతామండలిలో తన మొట్టమొదటి వీటోను బంగ్లాదేశ్ సభ్యత్వాన్ని అడ్డగించడానికే వాడింది. 1974 ఫిబ్రవరి 22న లాహోర్ ఇస్లామిక్ శిఖరాగ్ర సభ వేళ పాకిస్తానే గుర్తించింది. ఆ సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి తలుపు తెరిచింది. చైనా గుర్తింపు 1975 ఆగస్టు 31న వచ్చింది. అప్పటికి ముజీబ్ హత్య జరిగి పదహారు రోజులు.

ఇందులో తూర్పు జర్మనీ వంతు విచిత్రమైనది. బంగ్లాదేశ్‌ను గుర్తించిన మూడవ దేశం అది. కాని ఆ రోజుకు భారతదేశం ఆ తూర్పు జర్మనీనే పూర్తిగా గుర్తించలేదు! దానిని గుర్తిస్తే సంబంధాలు తెంచుకుంటామన్న పశ్చిమ జర్మనీ బెదిరింపు ఎన్నో ఏళ్ళు పనిచేసింది. 1972 అక్టోబరులో ఢిల్లీ ఆ అడుగు వేసింది. పద్దెనిమిదేళ్ళ తరువాత, 1990 అక్టోబరు 3న, గుర్తింపు పొందిన ఆ దేశమే పటంలో లేకుండా పోయింది.

చాణక్యపురి చూసినవాడు నగరం మరో కొసన యమున ఒడ్డున ఉన్న మజ్నూ కా టీలా కూడా చూడాలి. ఇరుకు సందులు, ప్రార్థనా పతాకాలు, ఆవిరి కుడుముల వాసన, ఉన్ని దుస్తుల అంగళ్ళు. టిబెట్ నుండి వచ్చిన కాందిశీకుల పేట అది. దలైలామా 1959లో భారతదేశానికి వచ్చారు. టిబెట్ ప్రవాస పాలనకు ధర్మశాలలో కార్యాలయాలు ఉన్నాయి, ఎన్నికలు ఉన్నాయి, జెండా ఉన్నది. దానిని రాజ్యంగా ఏ ప్రభుత్వమూ గుర్తించలేదు. జనం, భాష, చరిత్ర, నాయకుడు అన్నీ ఉన్నా, ఎదుట నిలిచినది చైనా. ఆ సందులలోని పతాకాలకు, శాంతిపథ్‌లోని పతాకాలకు గుడ్డ ఒకటే, గాలి ఒకటే.

ఇచ్చి తీసుకున్న గుర్తింపులు కూడా ఢిల్లీలో ఉన్నాయి. పశ్చిమ సహారాలో పోలిసారియో నెలకొల్పిన సహరావీ గణతంత్రాన్ని భారతదేశం 1985లో గుర్తించి, ఢిల్లీలో రాయబార కార్యాలయం పెట్టుకోనిచ్చింది. 2000లో ఆ గుర్తింపును ఉపసంహరించింది. పాలస్తీనాను 1988లో గుర్తించింది; దాని రాయబార కార్యాలయం చాణక్యపురిలో ఉన్నది. 2008లో సెర్బియా నుండి విడిపోయినట్లు ప్రకటించుకున్న కొసొవోను అమెరికా, అనేక యూరపు దేశాలు గుర్తించినా ఢిల్లీ గుర్తించలేదు. ఆ సంవత్సరమే రష్యా అబ్‌ఖాజియా, దక్షిణ ఒసేటియాలను గుర్తించి, వెంట నికరాగువా, వెనిజులా, పసిఫిక్ సముద్రంలోని నౌరూ వంటి దేశాలను తెచ్చుకున్నది. వాటినీ ఢిల్లీ గుర్తించలేదు. కారణం 1971లో ఎనిమిది నెలలు ఆపిన కారణమే. తన ఇంటి గోడలు గుర్తుకు రావడం.

నేడు బంగ్లాదేశ్ హైకమిషన్ చాణక్యపురిలో డాక్టర్ ఎస్. రాధాకృష్ణన్ మార్గ్‌లో ఉన్నది. తెలుగు కుటుంబంలో పుట్టిన ఆ తత్త్వవేత్త మాస్కోలో భారత రాయబారిగా ఉండగా వేసిన స్నేహపు పాదులే రెండు దశాబ్దాల తరువాత ఒడంబడికగా కాపు కాశాయని చెప్పుకునేవారు ఉన్నారు. 1971లో ఉద్యోగం విడిచి వీధిన పడ్డ షెహాబుద్దీన్ తరువాతి కాలంలో వాషింగ్టన్‌లో బంగ్లాదేశ్ రాయబారి అయ్యారు. హుమాయూన్ రషీద్ చౌధురీ 1986లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభకే అధ్యక్షత వహించారు.

ఢిల్లీకి ఆ కుటుంబపు కథతో సంబంధం అక్కడితో తెగలేదు. 1975లో తండ్రి హత్య జరిగిన నాడు విదేశంలో ఉన్న షేక్ హసీనా ఆశ్రయం కోరి వచ్చింది ఢిల్లీకే. పండారా రోడ్డు ఇళ్ళలో, వేరే పేరుతో, భర్తతో, పిల్లలతో గడిపి, 1981 మే నెలలో స్వదేశానికి తిరిగి వెళ్ళారు. ప్రధానిగా మళ్ళీ మళ్ళీ ఢిల్లీ వచ్చి హైదరాబాద్ హౌస్‌లో ఒడంబడికలు చేసుకున్నారు. 2017లో ఆమె పర్యటన వేళ, రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి వైపు వెళ్ళే పార్క్ స్ట్రీట్‌కు బంగబంధు షేక్ ముజీబ్ రోడ్డు అని పేరు మార్చారు. 2024 ఆగస్టు 5న ఢాకాలో జనం తిరగబడగా దేశం విడిచిన ఆమె విమానం సాయంకాలం గాజియాబాద్ దగ్గరి హిండన్ వైమానిక స్థావరంలో దిగింది. ఈసారి తుపాకుల వందనం లేదు, గీతాలు లేవు. 2025 ఫిబ్రవరిలో ఢాకా ధన్‌మండిలోని ముజీబ్ ఇంటిని గుంపులు నేలమట్టం చేశాయి.

ఢిల్లీలో ఆయన పేరు పెట్టిన రోడ్డు చిన్నది. ఒక కొసన ఆసుపత్రి, మరొక కొసన కొండరాళ్ళ అడవి. నడచిపోవడానికి ఎంతోసేపు పట్టదు.